కుంకం పడ్డ సిస్టం డిస్కు

ఫ్లాపీ డిస్కుకి బొట్టు పెట్టొద్దన్నందుకు నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఎనభైల నడిమి సంవత్సరాల మాట ఇది. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డు మీద ఒక విత్తనాల కంపెనీ ఉండేది. పత్తి విత్తనం, మిరప విత్తనం తయారుచేసి అమ్మేవాళ్లు. అందులో నేను టైపిస్టుని. కాగితం మీద టైపిస్టునే గానీ చేసే పనంతా కంప్యూటర్ ముందు. ఈ సంగతి ఇప్పటికి చాలామందికి చెప్పాను. విన్నవాళ్లలో సగం మంది "పోనీ, పండగ పూట నోరు మూసుకుని ఉంటే పోయేదిగా" అన్నారు. వాళ్ల కోసమే మళ్లీ చెబుతున్నాను.

మా ఊరు పర్చూరు దగ్గర. చర్చి వెనక వీధిలో మా ఇల్లు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ మిరపకాయ కోతలకీ పత్తి తీతలకీ వెళ్లి నన్ను టైపు హయ్యరు పాసయ్యేదాకా చదివించింది. ఈ విత్తనాల కంపెనీ మా ఊళ్లో పొలాలు కౌలుకి తీసుకుని విత్తనపు పత్తి వేయడం మొదలుపెట్టాక అమ్మ క్రాసింగ్ పనికి మారింది. మధ్యాహ్నం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని వెతికి, బొటనవేలి గోరుతో రేకులూ లోపలి పుప్పొడీ ఒలిచేసి, ఎర్ర కాగితం తొడిగి వదిలేస్తారు. తెల్లారాక మగ సాలులోంచి పువ్వు తెచ్చి దానికి అద్దుతారు. ఏ సాలు ఆడది, ఏ సాలు మగది, ఏ మగది ఏ ఆడదానికి అద్దాలి అన్నది తప్పితే ఆ ఏటి విత్తనమంతా వృథా. మొగ్గ ఎవరి కోసమూ ఆగదు. ఇవాళ ఒలవకపోతే రేపు అదే పూసి, దాని పుప్పొడి అదే అంటించుకుని, మామూలు పత్తికాయ అయి కూర్చుంటుంది.

ఉద్యోగానికి వెళ్లిన రోజు నన్ను మొదట అడిగింది టైపు స్పీడు కాదు. ఓనరుగారి బావమరిది కుర్చీలో వెనక్కి వాలి, "ఎవరమ్మాయివి? ఇంటిపేరేంటి?" అన్నాడు. చెప్పాను. "ఓహో, ఆ పేట వాళ్లా" అన్నాడు. మా వైపు మనిషి కనబడగానే ముందు వేరు తవ్వి చూస్తారు. వేరు తెలిశాక ఆ మనిషి ఎంతవరకు ఎదగొచ్చో కూడా వాళ్లే తేల్చేస్తారు. ఆ ప్రశ్నంటే నాకు చిన్నప్పట్నుంచీ ఒళ్లు మంట. ఓనరుగారు మాత్రం నా స్పీడు చూసి, "రేపట్నుంచి వచ్చేయమ్మా" అన్నారు.

మనుషుల వేర్లు తవ్వితే మండిపడే నాకు మిషన్ల వేర్లు తవ్వే పిచ్చి ఆ ఆఫీసులోనే పట్టింది.

కంప్యూటర్‌ని అద్దాల గదిలో పెట్టారు. మనుషులకి ఫ్యాను సరిగ్గా తిరగని ఆఫీసులో దానికి ఏసీ. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. దానికి రెండు డ్రైవులు. డిస్కులు ఇప్పటివాళ్లు చూసి ఉండరు, ఒక్కొక్కటి టిఫిను ప్లేటంత ఉండేది, నల్లటి తొడుగులో. కరెంటు వేయగానే ఆ మిషన్‌కి ఏమీ తెలియదు. చదవడం తెలియదు, రాయడం తెలియదు, తన రెండో డ్రైవు ఎక్కడుందో కూడా తెలియదు. మేం ఎక్కించిన లెక్కలుండే డేటా డిస్కులు రెండో డ్రైవుకి; వాటికంటే ముందు మొదటి డ్రైవులో సిస్టం డిస్కు పెట్టాలి. అది కరకరమని చదువుకున్నాక తెరమీద ఇంగ్లీషు ఏ అక్షరం, దాని పక్కన ఒక బాణం గుర్తు వచ్చేవి. ఇక నువ్వు చెప్పు, నేను వింటాను అన్నట్టు. ఆ సిస్టం పేరు సీపీఎం. ఆ మూడక్షరాలూ వినగానే మా ఆఫీసులో అందరూ ఎర్రజెండా గుర్తొచ్చి నవ్వేవాళ్లు.

కంప్యూటర్‌కి ఇన్‌చార్జి ఆ బావమరిదే. మద్రాసులో మూణ్ణెల్లు శిక్షణ పొంది వచ్చాడు. నేను మనసులో అతన్ని గురుడు అనుకునేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను. గురుడు మిషన్‌తో వచ్చిన పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. "నీకెందుకు? చూపించిన చోట నంబర్లు కొట్టు, చాలు" అనేవాడు. కానీ భోజనానికి ఇంటికెళ్తే మూడింటికి గానీ వచ్చేవాడు కాదు, తాళం చెవి సొరుగులోనే మరిచిపోయేవాడు. అలా ఏడెనిమిది నెలలు అన్నం డబ్బా పక్కన పెట్టుకుని ఆ పుస్తకం మొత్తం ఒక పొడుగు నోటుబుక్కులోకి ఎత్తి రాసుకున్నాను. సగం అర్థం కాలేదు. అర్థమైన సగం నన్ను నిలవనివ్వలేదు.

సిస్టంలో మూడు అంతస్తులున్నాయని రాశారు అందులో. పైది మనిషితో మాట్లాడుతుంది. నడిమిది డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుందో చూసుకుంటుంది. అడుగుది మాత్రం ఆ మిషన్ తీగలతో, దాని డ్రైవులతో, దాని తెరతో మాట్లాడుతుంది. పై రెండూ అందరికీ ఒకటే. మిషన్ తయారుచేసే ప్రతి కంపెనీ అడుగుదాన్ని మాత్రం తనకి తగ్గట్టు తిరగరాసుకుంటుంది. పిండి ఒకటే, పెనం ఎవరిది వాళ్లది. అంటే ఎక్కడో ఇంకో కంపెనీ వాడి మిషన్ మీద కూడా మా ఫైళ్లు తెరుచుకుంటాయి! ఆ మధ్యాహ్నం నేను అన్నం తినడం మరిచిపోయాను.

గురుడు మాత్రం ఎవరొచ్చినా ఒకే మాట చెప్పేవాడు. "ఇది స్పెషల్ సిస్టమండి. మన మిషన్‌కి తప్ప ఎవరికీ పనికి రాదు." ఒకసారి బాపట్లలో ఒక కాలేజీ నుంచి లెక్చరర్ ఒకాయన మిషన్ చూద్దామని వచ్చారు. తెర వైపు చూసి, "అరె, మా దగ్గరా ఇదే సిస్టం. కంపెనీ వేరు, అంతే" అన్నారు. గురుడి మొహం మాడిపోయింది. "ఇదే ఎట్టా అవుద్దండి? మీ డిస్కు తెచ్చి ఇందులో పెట్టండి, లేస్తుందేమో చూద్దాం" అన్నాడు. ఆయన నవ్వి, "లేవదు, అడుగు మారింది కదా" అన్నారు. లేవదు అన్న మాట ఒక్కటే గురుడి చెవిన పడింది. తర్వాతి మాట నా చెవిన పడింది.

ఆ ఏడు మా ఊరి పొలంలో కొత్త రకాలు వేశారు. పాత రకాలైతే ఆకు చూసి ఏ సాలు ఏదో అమ్మ చెప్పేసేది. కొత్తవన్నీ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. సాలు మొదట కొయ్యలు పాతి, వాటిమీద ఉత్త నంబర్లు రాశారు. ఏ నంబరు ఏ రకమో విత్తనం వేసిన రోజు సూపర్‌వైజర్లు చీటీల మీద రాసి పంపితే, వాటిని చూసి కంప్యూటర్లో ఎక్కించింది నేనే. ఎక్కించడం అయ్యాక గురుడు ఆ చీటీలన్నీ పాత కాగితాలవాడికి ఇచ్చేశాడు. "ఇంక కంప్యూటర్లో ఉందిగా" అన్నాడు. ఏ సాలు ఏ రకమో చెప్పే పట్టీ ప్రింటు తీద్దామంటే, "ఎల్లుండి ఆయుధపూజ. పూజయ్యాక మంచి గడియ చూసి మొదటి కాగితం తీద్దాం" అన్నాడు. ఆ మంచి గడియ కోసం ఎన్ని ఊళ్ల పొలాలు ఆగాయో తర్వాత చూశాం.

ఆయుధపూజ రోజు విత్తనాలు శుభ్రం చేసే మిషన్‌కీ, జీపుకీ, కాటాకీ, టైపు మిషన్‌కీ పసుపు కుంకాలు పెట్టుకుంటూ చివరికి అద్దాల గదికి వచ్చారు. వయసు మళ్లిన పంతులుగారు ముందు, ఓనరుగారు హారతి పళ్లెంతో వెనక. గురుడు అప్పటికే రెండు సిస్టం డిస్కుల్ని, వాడేదీ అవసరానికని దాచిందీ, కాగితం కవర్లలోంచి తీసి తమలపాకుల మీద పరిచాడు. ఆ డిస్కు తొడుగులో నిలువుగా ఒక సందు ఉంటుంది. దానిలోంచి లోపలి గోధుమరంగు రేకు కనబడుతుంది. డ్రైవులోని ముల్లు తాకి చదివేది అక్కడే. వేలు కూడా తగలనివ్వొద్దని పుస్తకంలో పెద్దక్షరాలతో రాసి ఉంది. గురుడు నన్ను చూసి, "ఆ డేటా డిస్కుల పెట్టె కూడా ఇటివ్వు" అన్నాడు.

పెట్టెని గుండెలకి హత్తుకుని నిలబడ్డాను. "ఇవ్వనండి. కుంకం ఆ సందులో పడితే డిస్కు పాడైపోద్ది. వాటికి కూడా పెట్టకండి."

గదిలో మోగుతున్న పూజగంట ఆగిపోయింది. అందరూ నా మొహం చూశారు. మొహం కూడా కాదు, బొట్టు లేని నా నుదురు చూశారు.

"మీ మతంలో బొట్టు గిట్టదని మాకు తెలుసు" అన్నాడు గురుడు. "మా పూజ మమ్మల్ని చేసుకోనివ్వు."

"మతం గురించి కాదండి, ఆ సందు గురించి."

పంతులుగారు చేతిలో కుంకంతో అలాగే ఆగారు. "అమ్మాయి చెప్పేదేదో వినండి నాయనా. కెమెరాకి పూజ చేస్తే నేను అద్దానికి పెట్టను. దూరంగా నాలుగు అక్షింతలు వేస్తే చాలు" అన్నారు. ఆ గదిలో నా మాటని మాటగా విన్నది ఆయనొక్కరే. గురుడు వినలేదు. "పండగ పూట అపశకునం మాటలు విని పూజ తగ్గిస్తామా?" అని తనే చిటికెడు కుంకం తీసి, రెండు డిస్కులకీ నడిమధ్య, సరిగ్గా ఆ సందులో, బొట్లు పెట్టాడు. పైన పసుపునీళ్లు చిలకరించాడు.

నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. "మద్రాసులో మూణ్ణెల్లు ఇదేనా నేర్చుకుంది?" అన్నాను.

"బయటికెళ్లమ్మా" అన్నారు ఓనరుగారు. "పండగ వెళ్లాక కూడా రానక్కర్లేదు."

డేటా పెట్టెని ఇనప బీరువాలో పెట్టి, తాళం వేసి, చెవి ఓనరుగారి చేతికే ఇచ్చి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయినందుకు కాదు. నాకు తెలిసిన విషయం నేను చెబితే, అది నాకు తెలిసినట్టు పంతులుగారికి తప్ప ఒక్కరికీ వినపడలేదు. నా నోట్లోంచి వచ్చేసరికి అది మతమైపోయింది, పేటైపోయింది. చదువుకుని చెప్పినా చదువుకోక చెప్పినా నా మాట విలువ ఇంతేనా? అదీ నా కడుపుమంట.

ఇంటికొస్తే అమ్మ కూడా నా మీదే లేచింది. "ఒక్క మాట తగ్గితే ఏం పోయిద్దే? ఆళ్ల మిషన్, ఆళ్ల దేవుడు, మధ్యలో నీకేందంట? చెడితే చెడనీ" అంది. పండగ రెండు రోజులూ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పండగ వెళ్లిన మర్నాడు అమ్మ పొద్దున్నే పొలానికి వెళ్లి, పది గంటలకే తిరిగొచ్చింది. ఆ రోజు మొదలవ్వాల్సిన క్రాసింగ్ ఆపేశారట. కంప్యూటర్ లేవలేదనీ, పట్టీ రాలేదనీ, ఏ సాలు ఏదో ఎవరికీ తెలియదనీ సూపర్‌వైజరు చెప్పాడట. రెండో రోజూ అంతే. ఆడవాళ్లు గట్టుమీద కూర్చుని, కళ్లముందు పూత విచ్చుకుని వాడిపోతుంటే చూసి వస్తున్నారు. మూడో రోజు అమ్మ అన్నం ముందు కూర్చుని, "పంట కళ్లముందు పోతా ఉంటే చెయ్యి ఊరుకోవట్లేదే" అంది. నేను చీర మార్చుకుని గుంటూరు బస్సెక్కాను. నన్ను ఎవరూ పిలవలేదు. పిలిచేదాకా ఆగే ఓపిక నాకు లేదు, మొగ్గకీ లేదు.

ఆఫీసులో అద్దాల గది తలుపు బార్లా తెరిచి ఉంది. గురుడు చెమటలు కక్కుతున్నాడు. మొదటి డిస్కు లేవకపోతే రెండోది పెట్టాడట. అప్పటికే ముల్లుకి కుంకం గరుకు అంటుకుని ఉంది, అది రెండోదాన్ని గీరేసింది. మద్రాసులో మిషన్ అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, ఆ రకం మిషన్లు తయారుచేయడం మానేశామనీ, ఇప్పుడంతా డాస్ అనే కొత్త సిస్టమేననీ, పాత డిస్కు కావాలంటే వెతికి పంపడానికి కనీసం రెండు వారాలు పడుతుందనీ చెప్పారట. నేను వెళ్లేసరికి గురుడు డేటా డిస్కు ఒకటి చేతిలో పట్టుకుని ఆ డ్రైవు తలుపు తీస్తున్నాడు.

"ఆగండి!" అని గట్టిగా అరిచాను. "ఆ డ్రైవులో అది పెట్టారా, ఇంక ఆ పట్టీని దేవుడు కూడా తియ్యలేడు."

అరుపుకి ఓనరుగారు గదిలోంచి వచ్చారు. ఆయన్ని చూసి నేను ఒక్క గుక్కలో చెప్పేశాను. మన మిషన్ పోయినా మన ఫైళ్లు పోలేదు. బాపట్ల కాలేజీలో ఇదే సిస్టం ఉన్న మిషన్ ఉంది. వాళ్ల సిస్టంతో లేపి, మన డిస్కు రెండో డ్రైవులో పెడితే చదువుతుంది.

"చదవదు బావా" అన్నాడు గురుడు. "వేరే కంపెనీ మిషన్. ఆ లెక్చరరే అన్నాడు లేవదని."

"మన సిస్టం డిస్కు అక్కడ లేవదు. మన ఫైళ్లకి అదక్కర్లేదు" అన్నాను.

ఓనరుగారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. నన్ను నమ్మి కాదు, ఇంకో దారి లేక కారు తీయించారు. డిస్కుల పెట్టె నా ఒళ్లో ఉంది. నా మాట తప్పితే అది అపశకునమే అయ్యేది, జీవితాంతం నా నెత్తిన ఉండేది. పుస్తకంలో చదివిందే గానీ ఒక్కసారైనా చేసి చూసింది కాదు.

బాపట్ల మిషన్ చూడ్డానికి మా మిషన్‌కి చుట్టంలా కూడా లేదు. మాది బూడిదరంగు, అది ఆకుపచ్చ. మా కీబోర్డు విడిగా ఉంటుంది, దానిది ఒంటికే అతికి ఉంది. లెక్చరర్‌గారు వాళ్ల సిస్టం డిస్కు పెట్టారు. కరకరమంది. తెరమీద అదే ఏ అక్షరం, అదే బాణం. మా డిస్కు రెండో డ్రైవులో పెట్టి, నేను కూర్చుని, బీ అనే ఆ రెండో డ్రైవుకి మారి, ఫైళ్ల పేర్లు చూపించమని డిఐఆర్ అని కొట్టాను. ఒక్క క్షణం ఏమీ రాలేదు. ఆ తర్వాత నేను పెట్టిన ఫైళ్ల పేర్లు, మా ఊళ్ల పేర్లు, ఒక్కొక్కటే పైనుంచి కిందికి దిగాయి. మా ఊరు మూడోది.

అరవకుండా ఉండటానికి నాలుక కరుచుకున్నాను.

పట్టీ తీసే మా ప్రోగ్రాం నడిపితే మాత్రం తెరంతా పిచ్చి అక్షరాలొచ్చాయి. "చూశావా బావా, అంతా చెత్త" అన్నాడు గురుడు, గొంతులో సంతోషం దాచుకోలేక. తెర తుడవమని మన ప్రోగ్రాం చెప్పే సంకేతం ఈ తెరకి వేరు, అందుకే ఆ అక్షరాలని లెక్చరర్‌గారు చెప్పారు. నేను ప్రోగ్రాం వదిలేసి, ఫైలుని ఉన్నదున్నట్టు తెరమీదికి తెమ్మని టైపు కమాండిచ్చి, ప్రింటరు మీట నొక్కాను. మా ఊరి పట్టీ కాగితం మీదికి ఎక్కడం మొదలైంది. సాలు నంబరు, ఆడ రకం, మగ రకం. తలకట్టు లేదు, గీతలు లేవు. నాకవి అక్కర్లేదు, ఆ వరసలు నా వేళ్లకి తెలుసు.

ప్రింటరు నత్తనడకన గీకుతుంటే లెక్చరర్‌గారు బోర్డు మీద సుద్దముక్కతో ఒక చెట్టు గీశారు. బీరువాలంత మిషన్ల మీద నడిచిన పాత సిస్టాలు వేళ్ల దగ్గర. వాటి మాటతీరు చూసి చిన్న మిషన్ల కోసం రాసింది మా సీపీఎం. దాన్ని చూసి ఇంకెవరో కొత్త చిప్పు కోసం తొందర తొందరగా రాసుకున్నది డాస్. పక్కన ఇంకో కొమ్మ, యూనిక్స్. ఒక పెద్ద ప్రయత్నం కుదరక మూలపడితే, అందులోంచి బయటపడ్డ ఒకరిద్దరు చిన్నగా మొదలుపెట్టినది. కాలేజీలకి పంచితే ఎక్కడికక్కడ మార్చుకుని, తలా ఒక కొమ్మ అయింది. "నకలు రాసుకున్నవాడే రాజవుతున్నాడు. అసలుది మరుగున పడుతోంది" అన్నారు డాస్ కొమ్మ చూపిస్తూ. అది నిజమే అయింది. ఆ దశాబ్దం ముగిసేలోగా మా వైపు ఆఫీసుల్లో డాస్ మిషన్లే నిండిపోయాయి. పూర్తిగా కొత్తదని అందరూ ఊదరగొట్టారు. నేను వెళ్లి కూర్చుని డిఐఆర్ అని కొడితే పలికింది. ఫైలు పేరుకి అవే ఎనిమిది అక్షరాలు, తోకకి అవే మూడు, అదే ఏ, అదే బీ. తల్లి పోలిక ఎక్కడికి పోతుంది?

ఆ బోర్డు ముందు నిలబడ్డప్పుడే నాకొకటి తోచింది, ఇప్పటికీ నేను దాన్ని వదల్లేదు. ఈ వంశంలో ఎవరూ ఎవరికీ రక్తం పంచలేదు. చూసి నేర్చుకున్నవాళ్లు, ఎత్తి రాసుకున్నవాళ్లు, అలిగి వేరుపడ్డవాళ్లు, పారేసింది ఏరుకుని బాగుచేసినవాళ్లు. నేర్చుకున్నవాడే వారసుడు. భోజనం వేళలో దొంగతనంగా పుస్తకం ఎత్తి రాసుకున్న నేను కూడా ఆ చెట్టుకి చిటారు కొమ్మన ఒక ఆకునే. అక్కడ ఇంటిపేరేంటని అడిగేవాడు లేడు. ఉన్నా నేను చెప్పను.

కాలేజీ మూసేవేళకి మా ఊరి పట్టీ ఒక్కటే అయింది. మిగతా ఊళ్లవి రేపు తీసుకుంటామని ఓనరుగారు అడిగితే, "ఈ అమ్మాయిని పంపితే తీసుకోవచ్చు. ఇంకెవర్నీ నా మిషన్ మీద కూర్చోనివ్వను" అన్నారు లెక్చరర్‌గారు. కారెక్కాక ఓనరుగారు, "రేపట్నుంచి వచ్చేయమ్మా. కాకపోతే మా వాళ్ల తృప్తి కోసం ఒక చిన్న కాగితం మీద సంతకం పెట్టు" అన్నారు. పట్టీతో మా ఊళ్లో దిగిపోయాను.

మర్నాడు పొద్దున పొలంలో కొయ్య నుంచి కొయ్యకి నడుస్తూ నేనే పట్టీ చదివాను. ఆడ సాళ్లకి ఎర్ర గుడ్డపీలిక, మగ సాళ్లకి తెల్లది కట్టుకుంటూ ఆడవాళ్లు నా వెనకే వచ్చారు. మూడు రోజుల పూత ఎటూ పోయింది, మిగిలింది దక్కించుకోవాలి. మధ్యాహ్నం మొగ్గ ఒలవడం మొదలయ్యాక ఆఫీసు గుమాస్తా జీపులో ఆ కాగితం తెచ్చాడు. గురుడే టైపు చేసినట్టుంది, నేను లేని లోటు ఆ అక్షరాల్లోనే కనబడింది.

"ఏం రాశారే? చదువు" అంది అమ్మ. ఆమెకి చదువు రాదు. చుట్టూ ఆడవాళ్లు చేతులు ఆపారు.

చదివాను. ఆయుధపూజకి ఆటంకం కలిగించినందుకూ, దేవుణ్ణి కించపరిచినందుకూ, దానివల్ల కంప్యూటర్ చెడిపోయినందుకూ క్షమాపణ కోరుకుంటున్నాను అని ఉంది.

అమ్మ చేతిలో మొగ్గ వదిలి నా వైపు తిరిగింది. "నువ్వన్నది దేవుడి గురించా, ఆ డిస్కు గురించా?"

"డిస్కు గురించే."

"నువ్వన్నట్టే అయిందా లేదా?"

"అయింది."

"మరి నువ్వెందుకు పెడతావే సంతకం?" అంది. మొన్న ఒక్క మాట తగ్గితే ఏం పోయిద్దని నన్ను తిట్టిన మనిషే. గుమాస్తా వైపు తిరిగి, "మా పిల్ల పెట్టదని చెప్పయ్యా. పొమ్మంటే పోయిద్ది. మొగ్గ ఒలవడం దానికీ వచ్చు" అంది. అమ్మని పట్టుకుని ఏడవాలనిపించింది. అమ్మ అప్పటికే ఇంకో మొగ్గ మీదికి వంగింది.

కాగితం సంతకం లేకుండానే వెనక్కి వెళ్లింది. నా ఉద్యోగం కూడా దానితోనే పోయిందనుకున్నాను.

తర్వాతి రోజు పొద్దున్నే, పుప్పొడి అద్దే వేళకి, జీపు మళ్లీ వచ్చింది. ముందు సీట్లో ఓనరుగారే. మిగతా నాలుగు ఊళ్లలో పూత రాలిపోతోంది, బాపట్లలో మిషన్ నా కోసం ఖాళీగా ఉంది. ఆయన దిగకుండానే చెయ్యి ఊపి, "ఎక్కమ్మా, టైమైపోతోంది" అన్నారు.

"కాగితం సంగతేంటండి?"

"అది చించేశాంలే."

"చించితే సరిపోదండి. డిస్కు ఎందుకు పోయిందో మీరు చెబితే ఎక్కుతాను."

ఆయన మొహం ఎర్రబడింది. డ్రైవరు స్టీరింగు వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను గట్టుమీద కదలకుండా నిలబడ్డాను. చివరికి ఆయన నా ఒక్కదానికే వినబడేట్టు, "సందులో కుంకం పడి పోయింది. నువ్వు ముందే చెప్పావు. సరేనా?" అన్నారు.

"మా వాళ్లకి వినపడలేదండి."

చేలో ఆడవాళ్లు అందరూ నడుములు ఎత్తి ఇటే చూస్తున్నారు. ఓనరుగారు జీపు దిగారు. గట్టుమీద నిలబడి, ఈసారి చేలో చివరి సాలు దాకా వినబడేట్టు, ఆ మాటే మళ్లీ చెప్పారు.